కాయితం మీది రెండో డ్రైవరు

రెంటచింతల దేవానందం స్టీరింగ్ మీద ఉన్నాడంటే ముసలమ్మలు కూడా కిటికీకి తలాన్చి గుర్రుపెట్టి నిద్రపోతారు. పాతికేళ్లుగా అతనికున్న పేరది. పిడుగురాళ్ల సున్నపురాయి లారీల మీద క్లీనరుగా మొదలై, డ్రైవరై, తర్వాత ట్రావెల్స్ బస్సుకు మారాడు. యాభై రెండేళ్లొచ్చాయి గానీ ఒక్క కోడిపిల్లను కూడా చక్రం కిందికి రానివ్వలేదు.

అతనికి ఇంకో గొప్ప ఉంది, దస్తూరి. గుండ్రంగా, చూడముచ్చటగా రాస్తాడు. ఆ దస్తూరే కొంప ముంచింది.

డ్రైవరన్నవాడు రోజుకు ఎనిమిది గంటలకు మించి తోలకూడదు. మహా అయితే ఐదు గంటలు తోలి, అరగంట దిగి నడుం వాల్చాలి. చట్టం అలా ఉంది, మంచి చట్టమే. అందుకే దూరప్రయాణానికి ఇద్దరు డ్రైవర్లుండాలి. బస్సు యజమాని వెంకటేశ్వర్లు దగ్గరా ఇద్దరుండేవారు, ఒకడు సీట్లో, ఇంకొకడు కాయితంలో. ఎవరు ఎక్కడినుంచి ఎక్కడిదాకా తోలారో, ఎన్నింటికి ఆగారో రాసే ట్రిప్ షీటును దేవానందం బండి కదలకముందే, ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని, తిరుగు ప్రయాణంతో సహా పూర్తి చేసేసేవాడు. ఇంకా తినని ఇడ్లీకి కూడా టైమేసేవాడు మహానుభావుడు! తన సంతకం చేసి, పక్కనే రెండో డ్రైవరు సంతకమూ తనే చేసేవాడు. అతనెరిగిన డ్రైవర్లంతా అలాగే రాసేవారు, అందులో తప్పుందని అతనికి ఏనాడూ తోచలేదు.

ఆ రెండో డ్రైవరు గురజాల గురవయ్య. లారీల రోజుల్లో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. గురవయ్య ఎప్పుడో స్టీరింగ్ వదిలి, కౌలుకు పొలం తీసుకుని మిరప వేస్తున్నాడు. రెండో పేరు లేకపోతే ట్రిప్పు వేరేవాడికి పోతుందని దేవానందం అడిగితే, అన్నకు కాకపోతే ఇంకెవరికి అంటూ లైసెన్సు జిరాక్సు ఇచ్చాడు. పొరుగింటికి పొడుగు నిచ్చెన అరువిచ్చినంత తేలిగ్గా ఇచ్చేశాడు, పాపం.

మొన్న మేలో ఊళ్లోవాళ్లు నలభై మంది వేళాంగణికి బస్సు మాట్లాడుకున్నారు. మాతకు మొక్కుకున్న ఎదురింటి బసవమ్మ కూడా, హిందువైనా, ఎక్కింది. అక్కడున్న ఒక్కరోజూ దేవానందానికి ఏసీ బాగుచేయించడంతోనే సరిపోయింది. బస్సు పక్కన చాప వేసుకుని రెండు మూడు గంటలు కన్నుమూశాడో లేదో, తెల్లవారుజామున నాలుగింటికి తిరుగు ప్రయాణం. చెన్నై దాటాడు, నెల్లూరు దాటాడు. భోజనాలయ్యాయి. వెనక నుంచి దేవుడి పాటలు కూడా ఆగిపోయాయి. రోడ్డు మీద ఎండ కణకణలాడుతోంది. సరిగ్గా మూడింటికి, ఒంగోలు ఇంకో అరగంట ఉందనగా, బస్సు రోడ్డు దిగి కాలవ గట్టును గుద్దుకుని పక్కకు ఒరిగింది.

ప్రాణాలు పోలేదు, అదే పదివేలు. బసవమ్మ భుజం ఎముక విరిగింది. మిగతావాళ్లకు దెబ్బలు తగిలాయి. దేవానందానికి గీత కూడా పడలేదు, అందుకే అతనికి మరీ సిగ్గేసింది.

పోలీసులు ట్రిప్ షీటు తీసుకెళ్లి చూశారు. షీటు ప్రకారం పన్నెండున్నరకు దేవానందం ఎనిమిది గంటలు పూర్తయ్యాయి. అక్కణ్ణుంచి స్టీరింగ్ గురవయ్యది. ఆ మూడింటికి అసలు గురవయ్య గురజాలలో కల్లం దగ్గర మిరపకాయలు ఎండేసుకుంటున్నాడు.

వెంకటేశ్వర్లు ఫోనులోనే తేల్చేశాడు. కాయితం శుభ్రంగా ఉంది, గురవయ్య ఒప్పుకుంటే చాలు, నీ లైసెన్సు, నీ సీటు ఎక్కడికీ పోవు అన్నాడు. ఊరు ఊరంతా అదే మాట మీదికొచ్చింది. ఆస్పత్రి మంచం మీద నుంచే బసవమ్మ అతని చెయ్యి పట్టుకుని, "గురవయ్యే తోలాడని మేమంతా చెప్తాం. నువ్వు మాత్రం నోరు మెదపమాక నాయనా," అంది. తన భుజం విరగ్గొట్టినవాణ్ణి కాపాడటానికి ఆ తల్లి అంత తాపత్రయపడుతుంటే దేవానందానికి దుఃఖం ఆగలేదు.

గురవయ్యయితే ఇంకా దిట్టం. ఫోన్ చేసి, "రాసుకోనీ అన్నా. మిరపకాయలు ఎండేసుకునేవాడికి లైసెన్సుతో పనేంది?" అని నవ్వేశాడు.

పని ఉంది. ఆ సంగతి దేవానందానికి భార్య జెస్సీ చెప్పింది. గురవయ్య భార్య అలివేలమ్మ ఆమెతో చెప్పుకుని ఏడ్చిందట. రెండేళ్లుగా పంట దెబ్బ మీద దెబ్బ తీస్తుంటే గురవయ్య గురజాల బడి బస్సు డ్రైవరు పని కోసం తిరిగి తిరిగి చివరికి ఒప్పించుకున్నాడు. జూన్‌లో చేరాలి. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, రాత్రికి ఇంట్లో అన్నం. పేరు మీద ఒక్క కేసు కూడా ఉండకూడదన్నారు. అన్నకు చెప్పొద్దని అతను ఒట్టేయించుకున్నాడని కూడా జెస్సీ చెప్పింది.

"మరి మనకేంది దారి?" అనడిగాడు దేవానందం. జెస్సీ, "నాకు తెలవదు. కానీ అలివేలమ్మ ఏడుపు నా చెవిలోనే ఉంది," అంది.

మర్నాడు స్టేషనుకు ఇద్దరినీ పిలిచారు. గురవయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినవాడిలా వచ్చాడు. ఎస్సై షీటు ముందు పెట్టుకుని, ఇంత నీటుగా రాసిన షీటు తన సర్వీసులో చూడలేదన్నాడు. ప్రమాదమప్పుడు తోలింది గురవయ్యేనా అనడిగాడు. అవును సార్ అనబోతూ గురవయ్య నోరు తెరిచేలోపే దేవానందం లేచి నిలబడ్డాడు. వాడు గురజాలలో ఉన్నాడు, బస్సెక్కనే లేదు, ఆ సంతకం కూడా నాదే అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. గురవయ్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టబోతే విదిలించుకున్నాడు.

ఎస్సై షీటు మీద వేలు పెట్టి, పన్నెండున్నర నుంచి నువ్వు విశ్రాంతి అని రాసుంది కదయ్యా, మరి ఇదేంది అన్నాడు.

"కాయితంలో పన్నెండున్నర నుంచి వెనక సీట్లో పడుకునే ఉన్నాను సార్," అన్నాడు దేవానందం. "నిజంగా పడుకుంది మాత్రం మూడింటికి. స్టీరింగ్ మీద."