ఎర్రమ్మ పక్కన రెండో మనిషి

గొల్లపల్లి దాటి అడవిలోకి నడిస్తే ఒక చిన్న గూడెం వస్తుంది. అక్కడ ఎర్రమ్మ అనే ఆవిడ ఉంది. మొగుడు పోయాడు, కూతురు పెళ్లి చేసుకుని చర్ల వైపు వెళ్లిపోయింది. ఇక ఆవిడకు మిగిలింది కాస్త వరిచేను, వాగు గట్టున కొన్ని ఇప్పచెట్లు, ఒక నోరు. అది మామూలు నోరు కాదులెండి. గూడెం మొత్తమ్మీద యేసుప్రభువును నమ్ముకున్నది ఆవిడొక్కతే. ఆ సంగతి చెట్టుకీ పుట్టకీ కూడా చెప్పింది.

చెప్పడానికి వేళాపాళా కూడా చూసుకునేది కాదు. ఒకసారి కేసా అనే అతను తాడు తెంపుకున్న మేకపోతు వెంట రొప్పుతూ పరిగెడుతుంటే, ఎదురెళ్లి నిలబడి, "కేసా, దేవుడు నిన్ను ప్రేమిస్తుండు!" అంది. "గట్లయితే ముందు మేకను పట్టమను!" అన్నాడతను. బోరింగు దగ్గర ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఎర్రమ్మ కూడా నవ్వేసి, మేకను తనే పట్టి ఇచ్చింది.

ఎవరింట్లో జ్వరమొచ్చినా గంజి కాచి పట్టుకెళ్లేది. తాగించాక నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. గంజి తాగినవాళ్లు ప్రార్థనకూ అడ్డు చెప్పలేదు. ఊరి పూజారి చేసేది పూజారి చేస్తాడు, ఎర్రమ్మ చేసేది ఎర్రమ్మ చేస్తుంది, పోయేదేముంది అనుకున్నారు.

తీరా విత్తనాల పండుగ దగ్గర చెడింది. దానికి ఇంటింటికీ ఇంత బియ్యం, ఒక కోడి వేసుకుంటారు. ఆ ఏడు ఎర్రమ్మ ఇవ్వనంది. "ఆకలైతుందంటే బస్తా ఇస్త. మొక్కుకైతే గింజ కూడ ఇయ్య" అంది. పెద్దలకు ఒళ్లు మండింది. వాళ్లనని ఏం లాభం, పండుగలో ఒక ఇల్లు తగ్గితే వాన మొహం చాటేస్తుందని వాళ్ల భయం వాళ్లది. ఆవిడతో మాట్లాడొద్దు, ఆవిడ చేలో నాట్లకు దిగొద్దు అని కట్టుబాటు పెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. తిట్టినా కాస్త బాగుండేది. ఆవిడ బిందె పట్టుకుని వస్తే బోరింగు దగ్గర మాటలు ఆగిపోయేవి. అయ్యో, అంత నోరున్న మనిషికి వినే చెవి లేకపోతే ఎలా ఉంటుందో మీరే చెప్పండి! ఆ ఏడు వంగి వంగి నాట్లన్నీ తనే వేసుకుంది.

వాగులు తగ్గాక కుంట అనే ఊరి నుంచి పాల్ అనే పాస్టరు బండి మీద వచ్చాడు. ఇద్దరు ముగ్గురు తన పేరున కూడినచోట ప్రభువు వాళ్ల మధ్యన ఉంటాడని చెప్పి వెళ్లాడు. పాపం ధైర్యం చెబుదామనే చెప్పాడు. ఎర్రమ్మకు మాత్రం గుండెలో రాయి పడింది. ఇద్దరుండాలట! తనేమో ఒక్కతే. మరి ఇన్నాళ్లూ గోడతో మాట్లాడిందా? ఫోన్ చేసి అడుగుదామంటే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. గుట్ట ఎక్కడానికి కాదు ఆవిడ జంకింది. "అవునమ్మా, ఒక్కదానివుంటే రాడు" అంటాడేమోనని జంకింది.

అప్పట్నుంచి ఒకటే బెంగ, పక్కన ఇంకో మనిషి కావాలని.

దొరికింది. ఎవరో కాదు, ఆ మేకల కేసా పెళ్లాం ముయె. ఇద్దరి ఇప్పచెట్లూ పక్కపక్కనే. ఊరి కట్టుబాటు అడవికి చెల్లదని ముయె తనకు తనే తీర్పు చెప్పుకుంది. పువ్వు ఏరడం అయ్యాక ఎర్రమ్మ చెట్టు కింద కళ్లు మూసుకుంటే, తనూ వచ్చి కూర్చునేది. "నీ ఆమేను గీమేను నాకు రాదక్కా. కథకు కొట్టినట్టు ఊ కొడత" అంది.

"తండ్రీ, వానలియ్యి."

"ఊ."

"కేసా మోకాలు నొప్పి తగ్గియ్యి."

"ఊ, ఊ!"

ఇద్దరయ్యారు! ఇప్పపూల కాలమంతా ఎర్రమ్మ మొహంలో పండుగే.

తునికాకు కోతలప్పుడు ఒక ఆదివారం ముయె ఏకంగా ఇంటికే వచ్చింది, అందరూ చూస్తుండగా.

"అక్కా, పాస్టరొస్తే నన్ను కూడ నీళ్లల్ల ముంచమను."

ఎర్రమ్మ గబగబా దగ్గరికొచ్చింది. "నిజమానే పిల్లా? ప్రభువు నీతోని మాట్లాడిండా?"

"నాతోని ఎవరు మాట్లాడలే. నాకు కనపడేది నువ్వే. ఒక్కదానివే నాటేస్తివి, ఒక్కదానివే తింటున్నవు. నాకు మెతుకు దిగుతలేదు. నేను కలిస్తే నీకు తోడైత గదా."

"కేసా ఏమన్నడు?"

"తరిమేస్తనన్నడు. పిల్లలను ఇయ్యనన్నడు. ఇయ్యకపోనీ." ఆ చివరి మాట అంటూ ముయె తన ఇంటి వైపు తిరిగి చూసింది.

సరే అంటే చాలు. ఎర్రమ్మకు ఎంత ఆశగా ఉందో ఆ దేవుడికే తెలియాలి. ముయె చెయ్యి పట్టుకుంది కూడా. పట్టుకుని, "ప్రభువు కోసమైతే ఇయాల్లే రా. కేసాతోని నేను కొట్లాడత. నా మీద జాలితోనైతే వద్దే. రేపు పిల్లల మీద మనసు పోయి నువ్వేడిస్తే నీకు దిక్కని నేనెవర్ని చూపియ్యాలె? నన్నా?" అంది.

ముయె చెయ్యి లాక్కుంది. "ఊరు నిన్ను వద్దన్నది, నువ్వు నన్ను వద్దన్నవు. మంచిగున్నదక్కా!" అని విసవిసా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆకుకు కూడా వేరే దారిన పోవడం మొదలుపెట్టింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. ఎర్రమ్మ తలుపు బార్లా తీసి, చాప పెద్దదే పరిచి కూర్చుంది. బయట ఎవరి అడుగులు వినబడినా తల ఎత్తింది. ఎవరూ లోపలికి రాలేదు. చివరకు కళ్లు మూసుకుంది.

"ఒక్కదాన్నే ఉన్న. ఇంటున్నవో లేదో నాకు తెల్వదు. అయినా చెప్త. ముయెను నీ దగ్గరికి రానియ్యి తండ్రీ. నా దగ్గరికి రాకున్నా మంచిదే."

అనైతే అంది. వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ముక్కు చీదుకుని మళ్లీ కళ్లు మూసుకుంది.

"అబద్ధమాడిన తండ్రీ," అంది. "నా దగ్గరికి కూడ రానియ్యి."