మా వదినా, గోబర్‌గ్యాసూ

మొన్న ఆదివారం ఉదయం, నాచారంలోని మా అపార్టుమెంటు కింద కార్లు నిలిపే చోట, ప్లాస్టిక్ కుర్చీలు వేసి సమావేశం పెట్టారు. గొట్టాల్లో వచ్చే గ్యాసు ధర పెరిగిందనీ, మంట మందగించిందనీ ఇళ్లలో అందరూ విసుక్కుంటున్న రోజులివి. మా సంఘం కార్యదర్శి, కోస్తా ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కంప్యూటరు ఉద్యోగి, మర్యాదస్తుడు, నా వంక తిరిగి, "ఎక్కడో సముద్రంలో ఓడ ఆగిపోతే నాచారంలో మన స్టవ్ ఆరిపోవడమేంటండీ మాస్టారూ!" అన్నాడు. ఇంటింటి తడిచెత్తతో గ్యాసు పుట్టించే తొట్టిని వెనుక ఖాళీ జాగాలో కట్టించాలని ఆయన ప్రతిపాదన. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం ఒడిలోనే ఉండిపోయాయి. ఓడ గురించి దాదాపు అదే మాటను, నాకు ఇరవైరెండేళ్ల వయసులో, ఉప్పల్‌లో మా అన్నగారి నోట విన్నాను.

అప్పటి ఉప్పల్ ఎలా ఉండేదో నా ఈడువారికి చెప్పనక్కరలేదు. మూసీ మురుగునీటితో పచ్చగా పెరిగిన గడ్డిమళ్లు, వాటి వెంట పాడిబర్రెల కొట్టాలు, ఆపైన ఎక్కడో ఒక సిటీ బస్సు. అన్నగారు మల్లాపూర్ కార్ఖానాలో ఫోర్‌మన్. నేను ఓరియంటల్ కళాశాల చదువు ముగించి నాచారం బడిలో తెలుగు పండితుడిగా చేరి, ఆయన ఇంటనే ఉండేవాణ్ణి. గ్యాసు సిలిండరుకు పేరు రాయించుకుంటే ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన కాలమది. "ఎక్కడ్నో అరబ్బు దేశంల ఓడ ఆగితే ఉప్పల్ల మన పొయ్యి ఆరుడేందిరా?" అంటూ అన్నగారు ఇంటి వెనుక గుంత తవ్వించి, లోపల ఇటుకలు పేర్పించి, మల్లాపూర్‌లో వెల్డింగు చేయించిన పెద్ద ఇనుప డ్రమ్మును దానిపై బోర్లించి, గోబర్‌గ్యాసు కట్టించారు. గ్యాసు నిండితే డ్రమ్ము పైకి లేచేది, వాడుకున్నకొద్దీ దిగేది. ఆ ప్రారంభానికి నేను, పాలసముద్రాన తేలిన మందరగిరితో ఆ డ్రమ్మును పోలుస్తూ సీసపద్యం చెప్పి, నలుగురి మెప్పూ పొందాను.

ఆ సముద్రాన్ని రోజూ చిలికినది మా వదిన. తెల్లవారక ముందే మా నాలుగు బర్రెల పేడ ఎత్తి, అందులోని గడ్డిపోచలు చేత్తో ఏరి, సమానంగా నీళ్లు కలిపి, ముద్ద మిగలకుండా పిసికి, తొట్టిలో పోసి, పైన తెట్టు కట్టకుండా డ్రమ్మును చుట్టూ తిప్పేది. రెండు రోజులు మానితే డ్రమ్ము దిగిపోయేది. నీలిమంట చూడవచ్చిన వారంతా అన్నగారి తెలివిని పొగిడి వెళ్లేవారు. పిసికిన చేతులను చూసినవారు లేరు, నాతో సహా. ఆమె పుట్టిల్లు కీసర గుట్ట పక్కనున్న చిన్న ఊరు. పొద్దున బస్సెక్కితే అన్నం వేళకు చేరేంత దగ్గర. అయినా, డ్రమ్ము వచ్చాక మూడేళ్లుగా, శివరాత్రి జాతరకైనా ఆమె గడప దాటలేదు. ఒకనాడు నవ్వుతూనే అన్నది: "బర్రెకన్న పలుపుతాడు ఉన్నది తమ్మీ, ఇప్పి ఇంకో కాడ కడ్తరు. నాకు గది గూడ లేకపాయె."

ఆ చలికాలం ఆమె తల్లి మంచం పట్టింది. పది రోజులు వెళ్లివస్తానని వదిన అడిగింది. అన్నగారు కఠినులు కారు, "గ్యాసెవరు సూస్తరు?" అని మాత్రం అడిగారు. నేను చూస్తానన్నాను. వదిన రెండు రోజులు దగ్గరుండి పని నేర్పింది. "సబ్బునీళ్లు, ఫినాయిలు గా తొట్టి దిక్కు రానియ్యకు. లోపలి పురుగు సచ్చి గ్యాసు రాదు. ముద్దలు కట్టకుండ పిసుకు, పద్యం కట్టినంత సులువు గాదు తమ్మీ!" అని నవ్వి, బస్సు కోసం వెళ్లింది. ఆమె అంత వేగంగా నడవగలదని నాకు అంతవరకూ తెలియదు.

ఆమె హెచ్చరికను విన్నానే గాని, పద్యంలో యతి మీద పెట్టే శ్రద్ధ దాని మీద పెట్టలేదు. మూడో రోజు, చేతుల వాసనతో పుస్తకం ముట్టబుద్ధి కాక, కొట్టమంతా ఫినాయిలు గుమ్మరించి కడిగాను. ఆ కడుగునీళ్లు కాలువ వెంట నేరుగా తొట్టిలోకి పారాయి. అది చూసి కూడా, కొంచెమే కదా అనుకున్నాను. ఐదో రోజుకు డ్రమ్ము గుంతలోకి కూరుకుపోయింది, మంట లేదు. మర్నాడే గ్యాసు చూడటానికి బ్లాకు ఆఫీసు నుంచి పెద్దలు రానున్నారు. "నీతోని గాదురా, ఆమె చెయ్యి వడాలె. పోయి తోల్కరా పో," అన్నారు అన్నగారు.

ఫినాయిలు పోశానని ఒక్క మాట చెప్పి ఉంటే, ఎవరి చెయ్యి పడినా అది రేపటికి లేవదని ఆయనకు తెలిసేది, వదిన అక్కడే ఉండిపోయేది. పండితుణ్ణన్న అహంకారమో, అన్నగారి భయమో, ఆ మాట దాచాను. కీసర బస్సెక్కాను.

వదిన, తల్లి మంచం పక్కన కూర్చుని జొన్నగంజి చల్లార్చుతున్నది. ముసలామె వదిన కొంగు పిడికిట పట్టుకుని నిద్రపోతున్నది. "పది రోజులు గాలేదు గద తమ్మీ," అని మాత్రమే అన్నది వదిన. తరువాత ఆ కొంగును తల్లి వేళ్ల నుంచి, ఒక్కొక్క వేలే, మెల్లగా విడిపించుకుని లేచింది. అప్పుడైనా నిజం చెప్పవచ్చు. చెప్పలేదు.

ఇల్లు చేరగానే తొట్టి మీదికి వంగింది. వాసన తెలిసింది. తలెత్తి నా వంక చూసింది. ఇంతలో అన్నగారు వచ్చి, "ఏమైందే?" అన్నారు. "సలికి పండుకున్నది. లేస్తది తియ్యిండ్రి," అన్నది. పెద్దలు వచ్చి చల్లారిన పొయ్యిని చూసి వెళ్లారు. ఆపైన నెల పైచిలుకు, రామంతాపూర్‌లో మరొకరి గోబర్‌గ్యాసు నుంచి మడ్డిని కుండలతో మోసుకొచ్చి పోసి, వదిన దాన్ని తిరిగి బతికించింది. డ్రమ్ము జానెడు లేచిన వారంలోనే కీసర నుంచి కబురు వచ్చింది. తల్లి కడచూపుకు ఆమె అందలేదు.

ఆ ఫినాయిలు మాట వదిన అన్నగారికి బతికినన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడిద్దరూ లేరు. నేను చెప్పడం ఇదే మొదలు.

మొన్నటి సమావేశంలో, ఈ తొట్టికి రోజూ మేత వేసేదెవరని అడిగాను. "వాచ్‌మన్ వాళ్లావిడ ఉందిగా మాస్టారూ, ఓ గంట పని," అన్నాడు కార్యదర్శి. మెట్ల దగ్గర చీపురుతో నిలుచున్న ఆ ఇల్లాలు, "గంట పనే సారూ. మరి బతుకమ్మకు నేను ఊరికి వోతే?" అన్నది. "వచ్చాక చేద్దువులే!" అని ఎవరో అంటే నవ్వులు లేచాయి. "గది ఆకలికి ఆగుతదా సారూ?" అన్నది, నవ్వకుండానే.

ప్రారంభోత్సవానికి పద్యం చెప్పమని కార్యదర్శి అడిగాడు. పద్యానికి బదులు ఏడు వారాల పేర్లు రాసిన కాగితం లిఫ్టులో అంటించి, రోజుకొక ఇల్లు ఆ పని పంచుకోవాలని కోరి, సోమవారం ఎదుట నా పేరు రాశాను. నేటికి ఎనిమిది రోజులు. గురువారం ఎదుట మూడో అంతస్తులోని విశ్రాంత నర్సు పేరున్నది. మిగిలిన ఐదు గళ్లూ ఖాళీ. తొట్టి గుంత మాత్రం తవ్వడం మొదలైంది.

మా కొట్టం ఉన్న చోట ఇప్పుడు మెట్రో స్తంభాలు లేచాయి. రింగురోడ్డు మీద కీసర ఎంత దూరమని! పేడ వాసన పోయింది, సిలిండరు బరువు పోయింది, రేపు ఓడ బెంగ కూడా పోవచ్చు. చదువురాని ఆ ఇల్లాలు మాత్రం రోజూ ఉదయం లిఫ్టు తలుపు పట్టుకుని, "ఎందరైన్రు సారూ?" అని అడుగుతుంది. ఇవాళ కూడా ఇద్దరమే అన్నాను. నా ముఖం చూసి ఏమనుకున్నదో, "బతుకమ్మకు ఇంక దినాలున్నయి, నిండుతయి తియ్యి సారూ," అని నన్నే ఓదార్చి, చీపురు అందుకున్నది. "లేస్తది తియ్యిండ్రి" అన్ననాడు మా వదిన గొంతు కూడా సరిగ్గా అలాగే ఉన్నది.