మబ్బు తెర వెనక

ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుందని కట్టేటప్పుడు ఎవరూ చెప్పరు. కొత్త ప్లాస్టిక్ చెప్పులకీ, ఎండలో మరిచిపోయిన బకెట్టుకీ మధ్య ఎక్కడో ఉండే వాసన అది. మధ్యాహ్నం దాటితే అందులో కాస్త కిరసనాయిలు కూడా కలుస్తుంది. నర్సీపట్నంలో మా మేడ మీద గదికి పడమటి కిటికీ పూర్తిగా మూసుకుపోయేలా, ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు కట్టి నెల దాటింది. ఆయన పుట్టినరోజు ఇంకా అయిపోయినట్టు లేదు. విప్పమని అడిగితే కట్టినవాళ్ళు మర్యాదగానే, "పై పండక్కి కొత్తది కడతాం కదండీ మేడమ్, అప్పుడు తీసేస్తాం" అన్నారు. ఆయన వెనక నీలాకాశం, అందులో ఇడ్లీల్లాంటి రెండు తెల్లమబ్బులు. ఆ మబ్బులు ఏ ఊరివో గాని, మావి మాత్రం కావు.

కాలేజీలో కామర్సు పాఠాలు చెప్పడం మానేశాక, బొమ్మలు వేసుకోవడానికని రేకులు కప్పించి కట్టుకున్న గది ఇది. ఇంట్లోవాళ్ళు దీన్ని స్టోర్ రూమ్ అంటారు. కుక్కర్ల అట్టపెట్టెలూ, తిరగని టేబుల్ ఫ్యానూ ఒక మూల కూర్చుని వాళ్ళ తరఫున సాక్ష్యం చెబుతుంటాయి. నేను కట్టించుకున్నది ఆ కిటికీ కోసం. అందులోంచి ఏజెన్సీ కొండలు కనిపించేవి, వాటి మీంచి సాయంత్రాలు మబ్బు దిగడం కనిపించేది. ఇప్పుడు కనిపిస్తున్నది నాయకుడి వెనకభాగం, అది కూడా తెల్లగా, ఏమీ లేకుండా. తెర వెనక కూర్చోవడం నాకు కొత్త కాదు, అదొక్కటే ఊరట.

నా చిన్నప్పటి తెరకి వేరే వాసన ఉండేది. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి కాచిన చింతగింజల జిగురు, అందులో కలిపిన సుద్దా నీలిమందూ లాంతరు మసీ, పక్కనున్న చీకటి గదిలోంచి వచ్చే ఫోటోల మందు ఘాటూ, వీటన్నిటి మీదా మా మావయ్య కాల్చే చుట్ట. సత్యం మావయ్య మా అమ్మకి తమ్ముడు. మెయిన్ రోడ్డు మీద ఆయనకి రేకుల కప్పున్న ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలు తీసేదీ ఆయనే, కడిగేదీ ఆయనే, జనం వెనక వేలాడే తెర వేసుకున్నదీ ఆయనే. తెర మీద ఒక కొలను, రాజుగారి మేడ మెట్లు, రెండు హంసలు, పైన నీలాకాశం. హంసల్ని ఆయన ఎన్నడూ చూడలేదు కనుక కొంగల మెడలూ బాతుల కాళ్ళూ ఇచ్చి సర్దేశాడు. అన్నీ నలుపు తెలుపు ఫోటోలైన రోజులవి, ఎంత నీలం పూసినా ఫోటోలో సున్నం కొట్టిన గోడలా వచ్చేది. అయినా అందరికీ నీలమే కావాలి. ఫోటోలో పడకపోయినా, వీపు వెనక నీలం ఉందంటే వాళ్ళకో ధైర్యం.

ఆ తెరకీ వెనక గోడకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితే పట్టే సందు ఉండేది. బడి వదలగానే నేను అందులో దూరి, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చునేదాన్ని. వేసవిలో జీడిమామిడి పళ్ళు తిని గౌను నిండా వదలని మరకలు చేసుకున్నదీ, చలికాలంలో గొలుగొండ నుంచి అమ్మమ్మ పంపిన కొత్త బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని ఎక్కాలు మరిచిపోయినదీ, నూకాలమ్మ పండగ బూరెలు తిన్న నూనె చేతులు గోడకి తుడిచినదీ అక్కడే. తెరకి అవతల మావయ్య, "గెడ్డం దించండి, ఊపిరి బిగించండి" అనేవాడు. ఊళ్ళో చాలామంది మొహాలు నాకు తెలియవు గాని, ఊపిరి బిగబట్టే తీరు తెలుసు. వాళ్ళు బిగబట్టినంతసేపూ నేను తెర వెనకవైపు ముతకగుడ్డ మీద బొగ్గుముక్కతో మబ్బులు గీసేదాన్ని.

మబ్బులే ఎందుకంటే, మేము చూసింది అవే కనుక. ఎండాకాలం సాయంత్రాలు గాలి ఒక్కసారిగా ఆగిపోయి, కాకులు అరవడం మానేసి, కొండల వెనకనుంచి ఒక నల్లటి అంచు లేచేది; ఆ వెంటనే కరెంటు పోయేది. కరెంటు పోతే దీపాలు లేవు, దీపాలు లేకపోతే ఫోటో లేదు, కనుక మావయ్యకి అది సెలవు. పెరటి తలుపు తీసి మెట్టు మీద కూర్చుని, పక్కన నాకు చోటు చూపించేవాడు. ఇద్దరం తాటిముంజెలు తింటూ ఆకాశానికి పేర్లు పెట్టేవాళ్ళం: అది తడిసిన పలక, అది గేదె వీపు, అదిగో ఆ అంచున ఎర్రగా ఉన్నది అత్త మాడబెట్టిన పాలగిన్నె. మెరుపు పడితే కొండలన్నీ ఒక్క క్షణం ఫోటోలా నిలబడేవి. "సూసేవా, ఊపిరి బిగించమని ఎవులూ సెప్పలేదు" అనేవాడు మావయ్య. ఆయన అంత సంతోషంగా ఉండటం పెళ్ళిళ్ళ సీజన్లో కూడా నేను చూడలేదు.

ఒకరోజు అలాగే కరెంటు పోయింది, మబ్బు మాత్రం ఇంకా రాలేదు. స్టూడియోలో చీకటి, వెనక గోడకున్న పెరటి కిటికీలోంచి పడమటి ఎండ నేరుగా తెర వెనకవైపు పడి, అక్కడ నేను గీసిన బొగ్గుమబ్బులన్నీ ముందువైపు నీలంలో తేలాయి.

"ఏటే అమ్మీ, నా ఆకాశంలో వానెట్టేసేవు?" అన్నాడు మావయ్య. తిడతాడనుకుని పెట్టె మీద బిగుసుకుపోయాను. ఆయన మసి గిన్నె తెచ్చుకుని, నా గీతలు కనిపించినంతసేపూ వాటి వెంటే కుంచె నడిపాడు. వారం తిరక్కుండా కొలను పోయి కొండలొచ్చాయి, హంసల్ని ఆ కొండల కింద పూడ్చిపెట్టాడు. ఆ తెర ముందు తీసిన ఫోటో చూస్తే, మనిషి వెనక నిజంగానే ఉరుము ఉన్నట్టుండేది. సంత రోజున కొండ నుంచి దిగిన ఒక కుటుంబం దాన్ని చూసి, "మా ఏపు వానే ఇది" అని నవ్వుకుని, ఎవరూ చెప్పకుండానే హాయిగా నిలబడ్డారు. తెర వెనక నేనూ ఊపిరి వదిలాను.

ఆ తర్వాత నాతవరం దగ్గరి ఊరినుంచి ఒక కొత్త జంట వచ్చింది, పెళ్ళికొడుకు నాయనమ్మ వెంట వచ్చింది. ఫోటో బాగా కుదిరిందని మావయ్య తనే అద్దం కట్టించి ఇచ్చాడు. నెలలోపే పెద్ద గాలివాన పట్టి ఊళ్ళకి ఊళ్ళు చెరుకు నేలకి ఒరిగిపోయింది. మర్నాడో మూడోనాడో ఆ ముసలామె ఒక్కతే బస్సు దిగి, కొంగు కింద దాచి తెచ్చిన ఫోటోని బల్ల మీద బోర్లించింది.

"ఈ మబ్బుని మా గోడకి తగిలించుకున్నాం బాబూ. అది ఊరుకుంటాదేటి? సెరుకంతా పడుకుంది. నీ మబ్బు నువ్వుంచుకో."

"అదే గాలికి నా రేకులూ ఎగిరిపోయేయి కదమ్మా" అన్నాడు మావయ్య.

"ఎగరవేటి మరి? ఆ తెర నీకాడే ఉంది."

మావయ్య ఆ ఫోటోని తీసి సొరుగులో పెట్టాడు. ఇంత చదువూ చదివాక కూడా ఆమె లెక్కలో తప్పు నాకు దొరకలేదు. ఆమె వెనుదిరిగి, గుమ్మం దగ్గర ఆగి, కోపం లేకుండానే అంది: "ఇంత మబ్బు ముందు మనిసెలా నిలబడతాడు బాబూ? సుబ్బరంగా నీలం ఎయ్యి."

ఆ మాట ఆమె కన్నా ముందే ఊళ్ళు తిరిగింది. జనం గుమ్మంలోంచి తల పెట్టి, "మబ్బు తెర తీసేసేరా?" అని అడిగి, లేదంటే బస్టాండు దగ్గరి స్టూడియోకి పోయేవారు. మావయ్య వర్షాకాలం దాకా పట్టుబట్టాడు. తర్వాత ఒక ఆదివారం, నాతో ఏమీ అనకుండా, చింతగింజల జిగురు కాచాడు. నేను నా సందులో పెట్టె మీద కూర్చునే ఉన్నాను. ముందువైపు కుంచె నడుస్తున్న చప్పుడు, గుడ్డ నా మోకాళ్ళకి తగులుతూ ఊగడం. కాసేపటికి నీలం ముతకగుడ్డలోంచి నా వైపుకి దిగింది. ముందు ఒక మరక, తర్వాత ఒక చెరువు, తర్వాత నా బొగ్గుగీతలన్నీ అందులో కరిగి కిందికి కారడం. నేను ఏడవలేదు. మర్నాడు లెక్కల పరీక్ష ఉంది.

హంసలు తిరిగొచ్చాయి, ఈసారి మెడలు ఇంకా పొడుగు. కరెంటు పోతే మావయ్య పెరటి తలుపు వేసెయ్యడం మొదలుపెట్టాడు, దుమ్ము వస్తుందని. కొన్నాళ్ళకి కలర్ ఫోటోలొచ్చి, నీలం నీలంగానే పడి, వ్యాపారం బాగానే సాగింది. నాకు కామర్సులో సీటొచ్చింది. ఇప్పుడు ఆ స్టూడియో ఉన్నచోట ఫ్లెక్సీలు ప్రింట్ చేస్తారు. చింతగింజలు ఎవరూ కాచరు, పెరటి మెట్టు డ్రైనేజీ కిందికి పోయింది, కరెంటు పోయినా ఇన్వర్టర్లు దాన్ని పోనివ్వవు. మెయిన్ రోడ్డు మీద నిలబడితే కొండలు కనిపించవు.

ఈ గదిలో కూర్చున్నప్పటి నుంచీ ఆ మెట్టు మీంచి చూసిన ఆకాశాన్నే వేస్తున్నాను, కొండల మీంచి దిగుతున్న ఆ మబ్బునే. ఎవరికో చూపించి మెప్పించాలని లేదు. ఒక్కరు చూస్తే చాలు, ఆయన ఒక్కసారి బాగుందంటే చాలు. పోయిన వారం మావయ్య వచ్చాడు, మోకాళ్ళ నొప్పులతో రెయిలింగు పట్టుకుని మెట్లెక్కి. పైకి రాగానే, "కింద ఆ ఫ్లెక్సీ సూసేనే. ఆకాశం బాగేసేరు" అన్నాడు. నేను కుర్చీ తుడిచి వేసి, బొమ్మ మీది గుడ్డ తీశాను.

కళ్ళజోడు పైకి తోసి, దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. వేలు ఎత్తి, ముట్టుకోకుండా, ఎర్రటి అంచు వెంట నడిపాడు.

"ఇది మన పెరటి మెట్టు కాడిది కదేటి?"

"అవును మావయ్యా."

తల ఊపి, కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీకి కట్టిన ఫ్లెక్సీ గాలికి ఒకసారి పొంగి, మళ్ళీ చువ్వలకి అతుక్కుంది.

"ఇంత మబ్బు ముందు మనిసెలా నిలబడతాడే అమ్మీ? నీలం ఎయ్యి."