టవలు ఎత్తితే నవ్వాలి

ఈ ఎండల్లో, ఈ వయసులో, భుజం మీద టవలు లేకుండా అనంతపురం వీధుల్లో తిరిగే ముసలివాడు జేబులేని చొక్కా లాంటివాడు. చూసినవాళ్లకు ఏదో లోటు కనిపిస్తుంది. "టవలు యాడ సార్?" అని అడుగుతారు. ఇన్నేళ్లూ నవ్వి తప్పించుకున్నాను. ఇవాళ చెప్పేస్తాను. చదివాక నా ముఖం చూడకూడదని మీరు నిర్ణయించుకున్నా నేను బాధపడను. రైల్వేలో ఉన్నన్నాళ్లూ ఒక్క బండినీ పట్టాలు తప్పనివ్వలేదు. రిటైరయ్యాక ఒకే ఒక్క టవలుతో ఒక కల్యాణ మండపాన్నీ, ఒక నాయకుణ్ణీ, పిల్లల టీవీ కార్యక్రమాన్నీ కలిపి పట్టాలు తప్పించాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అప్పటికి నేను కుర్రవాణ్ణి, అంటే రిటైరై ఏడాది కూడా కాలేదు. స్టేషన్ మాస్టరు ఉద్యోగం నన్ను వదిలింది కానీ నేను దాన్ని వదల్లేదు. వంటింటి గోడకు చిన్న నల్లబోర్డు తగిలించి, పాలవాడు ఎంత ఆలస్యంగా నడుస్తున్నాడో రోజూ రాసేవాణ్ణి. కాఫీ కూడా టైంటేబుల్ ప్రకారమే రావాలి. మా ఆవిడ ఆ బోర్డును బావిలో వేస్తానని బెదిరించేది. బావిలో నీళ్లు లేవు కాబట్టి వేసినా మళ్లీ తీసుకోవచ్చని నా ధైర్యం.

మా వీధి చివర మేడ మీద ఓబులేసు అనే కుర్రాడు కేబుల్ టీవీ నడిపేవాడు. ఆ వేసవి సెలవుల్లో వీధి పిల్లలందర్నీ పోగేసి 'తుంటరి సంత' అని హాస్య కార్యక్రమం మొదలుపెట్టాడు. అన్నీ చిన్న చిన్న నాటికలు. మంగలీ పిల్లలే, బస్సు కండక్టరూ పిల్లలే, కరువు చూడ్డానికి జీపులో వచ్చే ఆఫీసర్లూ పిల్లలే. ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చేది. మా మనవరాలు పద్దుకు పదేళ్లు. అందులో అదే పెద్ద నటి.

మొదటి ఆదివారం టీవీ ముందు దర్జాగా కూర్చున్నాను. తెర మీదికి ఒక స్టేషన్ మాస్టరు వచ్చాడు. బండి రెండు నిమిషాలు ముందే వచ్చిందని దాన్ని నిలబెట్టి సంజాయిషీ అడుగుతున్నాడు. ఆ దగ్గు నాది. ఆ నడక నాది. కళ్లజోడు నిజంగానే నాది. పొద్దున్నుంచీ దానికోసం ఇల్లంతా వెతికాను. మా ఆవిడ నవ్వలేక నేల మీద పడుకుంది. మర్నాడు పాలవాడు నన్ను చూసి, ఆలస్యమైనందుకు మొదటిసారి సంతోషంగా సంజాయిషీ ఇచ్చాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. వారం తిరక్కుండా ఓబులేసు మా ఇంటికి దిగులు ముఖంతో వచ్చాడు. అతని బాధలు రెండు. మొదటిది గది. రేకుల కప్పు కింద లైట్లు వేస్తే పిల్లలు కాలిన వంకాయల్లా అయిపోతున్నారు. ఒక పాప కళ్లు తిరిగి పడిపోయింది కూడా. చల్లటి చోటు దొరక్కపోతే పిల్లల్ని పంపేది లేదని తల్లులు తేల్చి చెప్పారు. ఊళ్లో పెద్ద కల్యాణ మండపం గంగన్నది. మండపం గంగన్న అంటే తెలియనివారు లేరు. మెట్ట సేద్యం చేసే ఇంట్లో పుట్టి, వ్యాపారంలోకి, అక్కడినుంచి రాజకీయంలోకి వచ్చిన మనిషి. ఒక్క రోజు రికార్డింగుకు మండపం ఇస్తానన్నాడు. తానే వచ్చి చూస్తాడు. నచ్చితే సెలవులన్నాళ్లూ పిల్లలకే. నచ్చకపోతే 'తుంటరి సంత' ఆనాటితో బంద్.

రెండో బాధ నవ్వు. "పెద్ద చానళ్లలో జోకు పడంగానే జనం నవ్వేది వినపడతాది సార్. మన దాంట్లో ఫ్యాను శబ్దం తప్ప ఇంకేం లేదు" అన్నాడు ఓబులేసు. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చూశాడట. తమ పిల్ల మాట్లాడితే నవ్వుతారు, పక్కింటి పిల్ల మాట్లాడితే ఆవలిస్తారు.

పద్దు నా మనసులోకి తొంగి చూసినట్టుంది. నా పక్కన చేరి మెల్లగా చెప్పింది: "తాతా, మండపం దొరక్కపోతే మా సంత బందైపోతాది. నువ్వేం చేయొద్దు. అంతే చాలు."

ఎంత చక్కటి సలహా. చిన్నపిల్ల మాట కదా అని పక్కన పెట్టాను.

సాయంత్రాల్లో స్టేషన్ బయట బెంచీల మీద మా రైల్వే పెన్షనర్లు కూర్చుంటారు. డ్రైవర్లు, గార్డులు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్లు. వాళ్లందరికీ పెద్ద దిక్కు గార్డు బసప్ప. జీవితమంతా జెండా చూసి కదిలిన మనుషులు. నవ్వడానికి వీళ్లకంటే క్రమశిక్షణ గల జనం ఎక్కడ దొరుకుతారు? పచ్చ జెండా ఎత్తితే నవ్వాలి, ఎర్ర జెండా చూపిస్తే ఆపాలి అని శిక్షణ మొదలుపెట్టాను. తొలిరోజు వాళ్ల నవ్వు గూడ్సు బండి కదిలినట్టు వచ్చింది. ముందు ఒకాయన, తర్వాత పక్కాయన, అలా ఒక్కొక్క వ్యాగనూ లాక్కుంటూ చివరాయనకు అందేసరికి మొదటాయన ఆపేశాడు. నాలుగు రోజులకు ఎక్స్‌ప్రెస్ అయింది. బసప్ప నవ్వు చివర్లో ఈల కూడా వినిపించేది.

జెండాలు కెమెరాలో పడతాయని ఓబులేసు గొణిగాడు. అందుకని టవలుకు మారాం. భుజం మీది టవలు ఎత్తితే నవ్వాలి. ఎంత పైకెత్తితే అంత గట్టిగా నవ్వాలి. మడిచి మళ్లీ భుజం మీద వేసుకుంటేనే ఆపాలి. "దేనికి నవ్వుతాండామో తెలుసుకోవద్దా?" అని ఒకాయన సందేహం వెలిబుచ్చితే, బసప్ప కసురుకున్నాడు: "సిగ్నల్ పడినాక ఎందుకని అడుగుతామా?"

ఆ మాటకు గర్వంతో నా ఛాతీ ఉబ్బింది. అప్పుడే భయపడి ఉండాల్సింది.

రికార్డింగు రోజు మండపం నిండిపోయింది. ముందు గంగన్న తెల్లబట్టల్లో సోఫా మీద. ఆయన వెనక తల్లులు. ఒక పక్కగా మా రైల్వే దళం. గోడవారగా నేను, నా టవలు. మొదటి నాటిక మంగలి షాపు. టవలు ఎత్తాను, నవ్వు. మడిచాను, నిశ్శబ్దం. తర్వాత మీసం పెట్టుకుని పద్దు నీళ్ల ట్యాంకరు డ్రైవరుగా వచ్చింది. బిందెలతో నిలబడ్డ పిల్లల్ని వరసగా చూసి, "నీళ్లు కావల్లంటే ముందు నా మీసం బాగుండాదని చెప్పండి" అంది. టవలు ఇంకాస్త ఎత్తాను. బసప్ప ఈల వేశాడు. గంగన్న కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. ఓబులేసు కెమెరా వెనకనుంచి నాకు దండం పెట్టాడు. మండపం మనదే అనుకున్నాను.

గంగన్నను రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మైకు అందుకున్నాడు.

"ఈ పాప ట్యాంకరు ఆట చూస్తాంటే మా నాయన గుర్తొచ్చినాడు" అన్నాడు. "నా చిన్నప్పుడు పెద్ద కరువు. బాయి ఎండిపాయె. రెండెద్దులుండె. వాటికి నీళ్లు పెట్టలేక మా నాయన సంతకు తోలినాడు. ఎద్దుల్ని అమ్మి, పగ్గాలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ పగ్గాలు ఇంగా మా ఇంట్లో ఉండాయి."

మండపంలో చీమ నడిచినా వినిపించేలా ఉంది. కరువు రోజుల్లో నా స్టేషన్లలో వ్యాగన్లకు ఎక్కించిన పశువులు కళ్ల ముందు మెదిలాయి. వాటి వెంట ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచిన రైతులు గుర్తొచ్చారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మీరైతే ఏం చేసేవారు? కళ్లు తుడుచుకునేవారు. నేనూ అదే చేశాను. టవలుతో.

రైల్వే దళం ఒక్కసారిగా బద్దలైంది.

అటువంటి నవ్వు శిక్షణలో కూడా రాలేదు. ఆపండి ఆపండి అని చెయ్యి ఊపాను. ఆ చేతిలో టవలుంది. ఎంత పైకెత్తితే అంత గట్టిగా. తల మీదుగా ఊపుతున్నాను, వాళ్లు ఊగిపోతున్నారు. బసప్ప ఈల రైలు కూతగా మారింది. తల్లులు నోళ్లు తెరిచారు. ఆ కంగారులో టవలు చెయ్యి జారి కింద పడింది. కింద పడితే ఏం చేయాలో మా నియమాల్లో లేదు. మడిచి భుజం మీద వేసేదాకా నవ్వాలి, అంతే. కుర్చీల కింద పాక్కుంటూ వెళ్లి దొరకబుచ్చుకున్నాను. పాడు అలవాటు, అంచుకు అంచు కలిపి మడిచి మరీ భుజం మీద వేసుకున్నాను.

బ్రేకు పడ్డట్టు నవ్వు ఆగిపోయింది. నవ్వు కంటే ఆ ఆగడమే ఎక్కువ భయం వేసింది.

"నేను చెప్పిన దాంట్లో నవ్వేదేముండాదప్పా?" అన్నాడు గంగన్న చాలా నెమ్మదిగా.

బసప్ప లేచి నిటారుగా నిలబడ్డాడు. "మాకేం తెలీదు సార్. సిగ్నల్ పడింది. నవ్వినాం."

"ఎవరిచ్చినారు సిగ్నలు?"

దళమంతా ఒకే తలగా నావైపు తిరిగింది. వేదిక మీద పద్దు మీసం ఒక పక్కకు ఊడి వేలాడుతోంది. గంగన్న మైకు కింద పెట్టి, వంటశాల పక్క గదిలోకి రమ్మని నాకు సైగ చేశాడు. దాటి వెళుతుంటే పద్దు ఒకటే మాట అంది: "ఏం చేయొద్దంటిని గదా తాతా."

గదిలో గంగన్న తలుపు వేశాడు. తిడతాడో కొడతాడో అని కళ్లు మూసుకున్నాను. ఆయన హాలువైపు కిటికీ రెక్క కొద్దిగా తెరిచి, టవలు ఎత్తమన్నాడు. ఎత్తాను. హాల్లోంచి నవ్వు. మడవమన్నాడు. నిశ్శబ్దం. మళ్లీ ఎత్తమన్నాడు. కొత్తగా కరెంటు వచ్చిన ఇంట్లో స్విచ్చితో ఆడుకునే పిల్లవాడిలా ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఎవరు ఏం మాట్లాడినా నవ్వుతారా?"

"వాళ్లు మాట వినరండి. టవలు చూస్తారు" అన్నాను.

గంగన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "శుక్రవారం టవర్ క్లాక్ కాడ మా ఎదుటోని మీటింగుండాది. మీరంతా పోయి ముందు వరసలో కూర్చోండి. వాడు ఏడుపు కథ ఎత్తుకుంటానే నువ్వు టువాల ఎత్తు. మండపం పిల్లకాయలదే."

తిట్టి ఉంటే ఇంత అదిరిపోయేవాణ్ణి కాదు. నా నోట "కూర్చుంటాం" అన్న ఒక్క మాటే వచ్చింది. గంగన్న బయటికి వచ్చి అందరి ముందూ మండపం పిల్లలకిచ్చానని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. నాకు మాత్రం చెమటలు పోశాయి. తుడుచుకునే ధైర్యం లేదు.

పద్దుకు నిజం చెప్పక తప్పలేదు. అది మీసం అట్టపెట్టెలో దాచుకుంటూ ఆలోచించింది. ఒకాయప్ప నిజంగా ఏడుస్తుంటే నవ్వించడం ఆట కాదని తీర్పు చెప్పింది. తర్వాత నా భుజం మీది టవలు లాగేసుకుంది. "కూర్చుంటానంటివి. పోయి కూర్చో. టవలు ఇంట్లో ఉంటాది."

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల ఎండలో ముందు వరసలో కూర్చున్నాం. రుమాలు తీసినా వీళ్లు సిగ్నలనుకుంటారని రెండు చేతులూ మోకాళ్లకు అంటించుకున్నాను. దళం కళ్లన్నీ నా ఖాళీ భుజం మీదే. నేను కదలడం లేదు కాబట్టి వాళ్లూ కదలడం లేదు. ఎదుటి పార్టీ నాయకుడు తన తల్లి పక్క ఊరినుంచి నీళ్లు మోసిన కథ ఎత్తుకున్నాడు. మా నుదుళ్ల మీది చెమట కళ్లలోకి దిగి, చెంపల మీదుగా కారి, గడ్డాలనుంచి చుక్కలుగా రాలుతోంది. కళ్లు మండి మిరపపళ్లలా అయ్యాయి. ఎవరూ తుడుచుకోవడం లేదు.

నాయకుడు మమ్మల్ని చూసి ఆగిపోయాడు. మావైపు చెయ్యి చాపాడు. "చూడండప్పా, మా అమ్మ కథకు ఈ పెద్దాయనలు ఎట్లా ఏడుస్తాండారో" అన్నాడు. జనమంతా లేచి మమ్మల్ని చూశారు. వెనక ఎవరో నిజంగానే ఏడవడం మొదలుపెట్టారు. అరగంటలో టవర్ క్లాక్ ప్రాంతమంతా చావింటిలా అయింది. అంత గొప్పగా నడిచిన మీటింగు ఆ నాయకుడి జీవితంలో మరొకటి లేదట.

మర్నాడు గంగన్న మా వాకిట్లో దిగాడు. చాలాసేపు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"నేను ఏడిస్తే నవ్విస్తివి. ఆడ నవ్వించమంటే ఏడిపిస్తివి. నీ తలకాయలో సిగ్నలే తిరగబడిందప్పా." జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. "మండపం మాట నలుగురిలో ఇచ్చినా. వెనక్కి తీసుకోను. పిల్లకాయలు ఆడుకోనీ. నువ్వు మాత్రం గడప తొక్కొద్దు."

అలా 'తుంటరి సంత' సెలవులన్నాళ్లూ చల్లగా నడిచింది. తర్వాతి ఆదివారం బసప్పా నేనూ మా ఇంట్లోనే కూర్చుని చూశాం. పద్దు కొత్త నాటిక. స్టేషన్ మాస్టరు కుర్చీల కింద పాకుతూ టవలు వెతుక్కుంటున్నాడు. మండపంలో జనం ఏ సిగ్నలూ లేకుండానే పడిపడి నవ్వుతున్నారు. మా ఆవిడ మళ్లీ నేల మీద. బసప్ప ఒక్కడే బిగుసుకుని కూర్చున్నాడు. ముఖం ఎర్రబడింది, చెంపలు ఉబ్బాయి. ఇక ఆగలేక నావైపు వంగి అడిగాడు: "సార్, ఇప్పుడు నవ్వొచ్చునా?"

మీటింగు జరిగిన ఆ శుక్రవారం నా డైరీలో 'ఎండ ఎక్కువ' అని మాత్రమే రాసుకున్నాను. ఇన్నేళ్లకు దాని కింద ఇవాళ మరో మాట చేర్చి సంతకం పెడుతున్నాను: బతికున్నంతకాలం భుజం మీద టవలు వేయను, వేసినా ఎత్తను, చెమట పడితే కారనిస్తాను, కన్నీళ్లు వస్తే ఎండనిస్తాను. ముఖం కడుక్కున్నాక మాత్రం తలుపు గడియ పెట్టి, బసప్ప చుట్టుపక్కల లేడని రూఢి చేసుకుని, అప్పుడే తుడుచుకుంటాను.