డాక్టరమ్మ చూపించిన ప్రాణులు

మొన్న కంపెనీ బస్సులో, రుద్రారం దగ్గర ఎక్కిన ఒకామె నా పక్కన కూర్చుంది. ఏదో అడగబోతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా వాసన వచ్చింది. తుప్పు పట్టిన ఇనుమూ, కుళ్ళిన పూలూ కలిసినట్టుండే ఆ వాసన నాకు కొత్త కాదు. నా చిన్నతనమంతా మా అమ్మ దగ్గర అదే వాసన. ఆమె దిగిపోయాక కూడా చాలాసేపు నాకు వసుంధర గారే గుర్తొస్తూ ఉన్నారు.

వసుంధర గారు పటాన్‌చెరులో పళ్ళ డాక్టరు. వాళ్ళ నాన్నగారు గుంటూరు వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారట. ఆవిడ మాటలో ఆ యాస అలాగే ఉండేది. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరిన కొత్తలో, పళ్ళు తోముకుంటే రక్తం వచ్చేది. కింది ముందు పళ్ళు కదిలేవి. అమ్మకు నలభై దాటేసరికే సగం పళ్ళు ఊడిపోయాయి. మా ఇంట్లో అందరికీ ఇంతే అనుకున్నాను. ఎలాగూ ఊడేవే కదా, తీసేయమని అడగడానికే ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ తీయలేదు. సన్నని పనిముట్టుతో చిగురు కింది పాచిని కొంచెం గీరి, గాజుపలక మీద నీటిచుక్కలో కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టారు. దానికి ఒక టీవీ తగిలించి ఉంది. లైటు వేయగానే టీవీ నిండా ప్రాణం. గుండ్రటివి గుంపులుగా వణుకుతున్నాయి. పొడుగాటి పోగులు చెరువు నాచులా ఊగుతున్నాయి. వాటి సందుల్లోంచి మెలికలు తిరిగినవి, ఎవరో తరుముతున్నట్టు దూసుకుపోతున్నాయి. నేను కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

“ఇవన్నీ నా నోట్లయేనా మేడం?”

“నీ నోట్లోవే. నువ్వు పుట్టినప్పటి నుంచీ నీతోనే ఉంటున్నాయమ్మా, ఇవాళే పరిచయం,” అన్నారు.

ఆ రోజు ఆవిడ చాలా చెప్పారు. వాటిలో ఎక్కువ శాతం మన జోలికి రావట. కొన్ని మాత్రం మనం తిన్న తీపిని తిని ఆమ్లం వదులుతాయట. దానికి పంటి పైపొర కరిగి పన్ను పుచ్చిపోతుంది. ఇంకొన్ని గాలి తగలని చిగురు సందుల్లో కాపురం పెడతాయి. వాటిని తరిమేందుకు మన ఒళ్ళు యుద్ధానికి దిగుతుంది, ఆ యుద్ధంలోనే పంటిని పట్టి ఉంచే ఎముక అరిగిపోతుంది. నన్ను కాపాడబోయి నా ఒళ్ళే నా ఎముకను కరిగిస్తోందన్న మాట దగ్గర, కదిలే పంటిని నాలుకతో తడిమి చూసుకున్నాను. మా ఊళ్ళో పంటినొప్పికి వాకుడు మొక్క గింజల పొగ పట్టి, పురుగులు రాలాయని చూపించేవాళ్ళని చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. లోపల ఏదో బతుకుతోందని వాళ్ళు ఊహించారు కదా, కంటికి కనిపించేంత పెద్దదనుకున్నారు, అంతే అన్నారు.

కొన్ని వారాల పాటు చిగుళ్ళ కింద గట్టిపడి పేరుకున్న పాచంతా ఓపిగ్గా తీశారు. చివర్లో మళ్ళీ గాజుపలక పెట్టి చూపిస్తే, పరుగెత్తేవి దాదాపు లేవు. నేను సంబరపడబోతే ఆపారు. అవి రోజూ మళ్ళీ ఇళ్ళు కట్టుకుంటాయనీ, రోజూ మనం కూలుస్తూ ఉండాల్సిందేననీ చెప్పారు. తీసేయమన్న ఆ పళ్ళతోనే నేను ఇప్పటికీ అన్నం తింటున్నాను.

ఆ తర్వాత అమ్మను తీసుకెళ్ళాను. మా నానమ్మ బతికినన్నాళ్ళూ “నోరు మంచిగ లేనోళ్లకే పండ్లూడుతయి” అనేది. అమ్మ ఎవరినీ ఒక్క మాట అని ఎరగదు. అయినా ఆ మాటను నమ్మింది. ఏ జన్మలో ఎవరిని ఏమన్నానో అనుకుంటూ, కొంగు చాటునే నవ్వుతూ బతికింది. టీవీలో తన నోటిలోని ప్రాణుల్ని కళ్ళు చిట్లించి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

“గివి నా ఒక్కదాని నోట్లనే ఉన్నయా బిడ్డా?”

వసుంధర గారు మాస్కు కిందికి లాగి, అద్దంలో చూసుకుంటూ తన పంటి మీద గీరి, ఇంకో గాజుపలక పెట్టారు. టీవీలో మళ్ళీ అదే లోకం. తక్కువగానే ఉన్నా, పోగులు ఊగుతున్నాయి, ఒకటి రెండు పరుగెడుతున్నాయి. ఒక డాక్టరు తన నోరు తెరిచి రోగికి చూపించడం నేను అంతకుముందు చూడలేదు.

“నీయి గూడ ఉరుకుతున్నయి గద బిడ్డా,” అంది అమ్మ.

“ఉరక్కేం చేస్తాయమ్మా, నేనూ అన్నమే తింటాగా.”

అమ్మ నవ్వింది. కొంగు భుజం మీదే ఉండిపోయింది. మిగిలిన నాలుగు పళ్ళూ కనిపించేలా మా అమ్మ నవ్వడం నేను చూసింది అప్పుడే.

పోయినేడాది వసుంధర గారు కాలం చేశారు. ఫోన్లో చెబితే అమ్మ, మరి ఆమె నోట్లోని ఆ ప్రాణులు ఇప్పుడు ఏమైతాయని అడిగింది. వసుంధర గారి ముఖం నా మనసులో అప్పుడే కొంచెం మసకబారుతోంది. కానీ కళ్ళు మూసుకుంటే ఆ టీవీ వెలుగు, అందులో ఊగే పోగులు, వాటి మధ్య ఎక్కడికో తొందరగా పోతున్న ఆ చిన్న మెలిక ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఆవిడ లోపల బతికినదాన్ని నేను కళ్ళారా చూశాను.