గోడకు కప్పిన బొంత

ఎనభైల్లో నేను గుంటూరులో డ్రాయింగు టీచర్ని. రంగులు పక్కన పడేసి, ఇకమీదట మన పల్లెల్లో నేసే, కుట్టే గుడ్డల్నే కళగా చూపిస్తానని ఇంట్లో ప్రకటించాను. ముందు నీ చీరలు మడతపెట్టుకోవడం నేర్చుకోమని అమ్మ మూతి విరిచింది.

ఆ ఊపులోనే వినుకొండ దారిలో ఒక పల్లెకి వెళ్లాను. మిరపకోతల కాలం, చలి కొరికేస్తోంది. కూలికెళ్లే ఒక మామ్మ ఇంట్లో, ఏళ్లతరబడి కట్టి చినిగిన చీరలన్నీ పొరలుగా పేర్చి కుట్టిన బొంత చూసి మతి పోగొట్టుకున్నాను. నా మొదటి ప్రదర్శన కోసం నాలుగు రోజులు ఇమ్మని కాళ్లావేళ్లా పడ్డాను. ప్రదర్శన అనే మాట ఆమెకి ఎక్కినట్టు లేదు. నావంక జాలిగా చూసి సరేనంది. ఉతికి ఇస్తానుండమంది. ఉతికితే అసలుతనం పోతుందని నేనొక ఉపన్యాసం దంచాను. ఆమె ఇంకేదో చెప్పబోయింది, నేను వింటేగా.

ప్రదర్శన ప్రారంభించడానికొచ్చిన ఆఫీసరుగారు గోడ మీది బొంతని ఆప్యాయంగా నిమిరి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నారు. ఇక ధారలే ధారలు. ఆయన మనసు కరిగిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఫ్యాను వేశారు. హాలంతా తుమ్ములు. మామ్మ ఏటా కల్లంలో మిరపకాయలకి కాపలా పడుకునేది ఆ బొంత కప్పుకునేనట.

నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు పేపర్లో మాత్రం, చూపరుల చేత కంటతడి పెట్టించిన ప్రదర్శన అని వేశారు. జనం విరగబడ్డారు. నేను కళాకారిణినైపోయాను.

నాలుగో రోజు మామ్మ బస్సెక్కి వచ్చింది. మేకులకి వేలాడుతున్న బొంతని చాలాసేపు చూసింది.

"ఏం పంతులమ్మా, గోడకి చలేస్తందా?"

స్టూలు లాక్కొచ్చి కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నీకు కప్పుకోను లేదేమో, పాపం, నోరు తెరిచి అడిగావు గదాని ఇచ్చా. ఈ నాల్రోజులూ నేను గోతాం కప్పుకున్నా."

సిగ్గుతో చచ్చిపోయాను. చూడ్డానికొచ్చినవాళ్లు వారిస్తున్నా వినకుండా, స్టూలెక్కి మేకులు నేనే పీకాను. బొంత మడిచి ఆమె చేతిలో పెట్టేసరికి నా కళ్లు ధారలు కడుతున్నాయి.

ఏడుస్తున్నావా అని అడిగింది. మిరప ఘాటు మామ్మా, అన్నాను.

"అందుకే ఉతికిస్తానన్నా" అంది.