ఆరు బోర్డులూ, చెడ్డకాయ లేని తోటలూ

నూజివీడు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ప్రోగ్రామర్‌గా నేను చేరింది మూడేళ్ళ కిందట, మార్చిలో, మామిడికాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు. ఈ చుట్టుపక్కల తేదీ చెప్పడం కంటే కాయ సైజు చెబితే అందరికీ తొందరగా అర్థమవుతుంది. ఆ ఉద్యోగం నుంచి రిటైరయ్యాను కూడా. ప్రస్తుతం నా వయసు ఇరవై తొమ్మిది. కాంట్రాక్టు అయిపోయిందనడం కంటే రిటైరయ్యాననడంలో కాస్త పరువుంది కాబట్టి ఆ మాటే వాడుతున్నాను. శాలువా మాత్రం ఎవరూ కప్పలేదు.

ప్రోగ్రామర్ అంటే ప్రోగ్రాములు రాసేవాడని బయటివాళ్ళు అనుకుంటారు. కాలేజీలో హోదాల వరస ఇది: ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీ అనబడే శాఖాధిపతి, ప్రొఫెసర్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, తర్వాత ఏసీ, తర్వాత ప్రోగ్రామర్. ఏసీ చెడిపోతే అందరూ కంగారు పడతారు. నాకు జ్వరమొచ్చి రెండ్రోజులు సెలవు పెడితే ఎవరికీ తెలియలేదు.

చేరిన రోజే ల్యాబ్ ఇన్‌ఛార్జి సుజాత మేడమ్ నాకొక అట్టపెట్టె చూపించారు. అందులో ఆరు సింగిల్ బోర్డు కంప్యూటర్లున్నాయి. అంటే మానిటరూ, పెట్టే ఏమీ లేకుండా అరచేతిలో పట్టే ఒక్క పలక మీదే మొత్తం కంప్యూటరన్నమాట. ఆరింటినీ తీగలతో కలిపి ఒకే పనిని పంచుకునేలా చేస్తే దాన్ని క్లస్టర్ అంటారు. ఒక బోర్డు మేస్త్రీ, మిగతా ఐదూ కూలీలు. మేస్త్రీ పని పంచుతుంది, కూలీలు చేస్తాయి, కరెంటు పోతే అందరూ కలిసి పడుకుంటారు.

వాటిని కొనిచ్చింది కోటేశ్వరరావు గారు. పట్టణంలో పాతకాలపు మామిడి వ్యాపారి, కాలేజీ కమిటీలో సభ్యుడు. మేడమ్ అడిగారని కొనిచ్చారు. ఎందుకు అడిగారో మేడమ్ అప్లికేషన్‌లో వివరంగానే రాశారు గానీ, పెట్టె వచ్చేసరికి ఆ వివరం ఆవిడకే అర్థం కావడం మానేసింది. ఈలోగా పరీక్షల విభాగం వాళ్ళు జవాబుపత్రాలు పెట్టుకోవడానికి మా గది మీద కన్నేశారు. కోతలు అయ్యేలోగా ఆ బోర్డులతో పనికొచ్చే ప్రాజెక్టు ఒకటి చూపిస్తే గది మాది, లేకపోతే వాళ్ళది. గది పోతే మేడమ్ మళ్ళీ ఫస్టియర్ సెక్షన్లన్నిటికీ సీ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పుకోవాలి. ఆవిడ దేన్నైనా భరించగలరు గానీ అది కాదు.

ప్రాజెక్టు ఐడియాలకు కొదవ లేదు. ముఖం చూసి హాజరు వేయడం అన్నారొకరు. ఫైనలియర్ వాళ్ళే వ్యతిరేకించారు. వర్షం ఎప్పుడొస్తుందో చెప్పించడం అన్నారు హెచ్‌ఓడీ గారు. దానికి లెక్కలు వేయడానికి ఈ ఆరు చాలవంటే, ఆరూ కలిసి ఒక్క చినుకైనా చెప్పలేవా అని బాధపడ్డారు. కాలేజీ వెబ్‌సైటును వీటి మీద నడుపుదామని నేనన్నాను. నడిపాం. సాయంత్రం కరెంటు పోయింది, వెబ్‌సైటు కూడా పోయింది. దానికి మనుషులెవరూ రారు కాబట్టి విషయం పొక్కలేదు.

చివరికి మామిడికాయల గ్రేడింగ్ అనుకున్నాం. బెల్టు మీద వచ్చే కాయని కెమెరా ఫొటో తీస్తుంది, మేస్త్రీ బోర్డు ఆ ఫొటోలను కూలీలకు పంచుతుంది, అవి చూసి ఫస్టో సెకండో చెబుతాయి. నిజానికి ఈ పని మామూలు పీసీ ఒక్కటీ చేసేస్తుంది. ఆ మాట మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎప్పుడూ పైకి అనలేదు.

యంత్రానికి కాయల సంగతి తెలియాలంటే ముందు బోలెడు ఫొటోలు చూపించి నేర్పాలి. అందుకని చాట్రాయి, ముసునూరు వైపు రైతులకు ఫోన్లు చేశాం. అన్ని రకాల కాయలూ శాంపిల్ పంపమన్నాం. మనుషులు ఎంత మంచివాళ్ళంటే అడగనివాళ్ళు కూడా పంపారు. గడ్డి పరిచిన ట్రేలలో బంగినపల్లి కాయలు, ఒక్కొక్కటీ పెళ్ళిచూపులకు తయారైనట్టు. ఫొటోలు తీశాం, యంత్రానికి నేర్పాం, ఆ తర్వాత శాఖంతా కలిసి తినేశాం. నా ఉద్యోగ జీవితంలో అంత సాఫీగా సాగిన డేటా సేకరణ మరొకటి లేదు. అనుమానం అప్పుడే రావలసింది.

డెమోకి కోటేశ్వరరావు గారు వచ్చారు. మొదటి కాయ పెట్టాం. ఫస్టు అంది. రెండోదీ ఫస్టే. ఆయన చెత్తబుట్టలోంచి సగం కుళ్ళిన కాయ తీసి పెట్టారు. ఫస్టు. ఆయన కళ్ళజోడు డబ్బా పెట్టారు. ఫస్టు. హెచ్‌ఓడీ గారు కంగారులో డస్టర్ పెట్టారు. అదీ ఫస్టే. నేను తీగలు పీకి మళ్ళీ పెట్టాను. అది వైద్యం కాదు, ఏదో చేస్తున్నట్టు కనపడటం.

కోటేశ్వరరావు గారికి కోపం రాలేదు. డస్టర్ చేతిలోకి తీసుకుని మేడమ్‌తో నెమ్మదిగా అన్నారు: "ఇది అమ్మేవాడమ్మా. నాకు కావాల్సింది కొనేవాడు."

ఆయన వెళ్ళాక ఫొటోలన్నీ మళ్ళీ తిరగేశాం. వాటిలో ఒక్క చెడ్డకాయ లేదు. శాంపిల్ అంటే ఈ ప్రాంతంలో ఉన్నవాటిలో మేలైనది. తోట పరువు దాని మీదే ఉంటుంది. అన్ని రకాలూ అంటే వాళ్ళకి అన్ని రకాల మంచి కాయలని అర్థమైంది. చెడ్డది ఎలా ఉంటుందో చూడని యంత్రం డస్టర్‌ని మాత్రం ఏమని తప్పుపడుతుంది?

చాట్రాయి రైతు బసవయ్య గారికి ఫోన్ చేశాను. మొదటి ట్రే పంపింది ఆయనే. పుచ్చులూ, మచ్చలూ ఉన్న కాయలు కాసిని పంపమని చాలా మర్యాదగానే అడిగాను.

"మా తోటలో చెడ్డకాయ ఉందని మీకెవరు చెప్పారండీ?" అన్నారు.

ఎవరూ చెప్పలేదండీ, చదువు కోసమండీ అన్నాను. మా కాయని ఫొటో తీసి, ఇది చెడ్డది అని పిల్లలకి చూపిస్తారా అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు మాట ఏదో ఒకటి ఉండాలి కదా అని అన్నాను:

"పోనీ, మీ పక్క తోటలో ఏమైనా..."

దాంతో ఆయన గొంతు పూర్తిగా మారిపోయింది.

"ఎన్ని ట్రేలు కావాలండీ?"

మర్నాడే వచ్చాయి. సొన కారి నల్లబడ్డవి, పండు ఈగ కుట్టినవి, ఎండకు కమిలినవి, ఏదీ వదల్లేదు. ప్రతి కాయకీ జబ్బేమిటో ఫోన్లో ఓపిగ్గా వివరించారు కూడా. గట్టు పక్కన రాలినవే తెచ్చానన్నారు. మేం అంతకు మించి అడగలేదు. తర్వాత ఆ పక్క తోటాయనకి ఫోన్ చేసి బసవయ్య గారి తోట గురించి అడిగాం. ఆయన ట్రేలు ఆటోలో వచ్చాయి, కిరాయి కూడా ఆయనే ఇచ్చుకున్నారు. వారం తిరిగేసరికి ముసునూరు దాకా అన్ని తోటల చెడ్డకాయలూ మా ల్యాబ్‌లో ఉన్నాయి. గది వాసన చూసి పరీక్షల విభాగం వాళ్ళు కొన్నాళ్ళు ఇటు రాలేదు.

కోతల ఆఖర్న రెండో డెమో. ఈసారి కోటేశ్వరరావు గారు తన షాపు పేరున్న పెట్టె తెచ్చుకున్నారు. మూత తీసి, పైవరసలోంచి తనే ఒక కాయ ఎంచి బెల్టు మీద పెట్టారు. యంత్రం సెకండ్ అంది. హెచ్‌ఓడీ గారు డస్టర్ కోసం చూశారు, ఎందుకో తెలియదు. సుజాత మేడమ్ నావైపు చూశారు. నేను తీగల వైపు చూశాను, కానీ ముట్టుకోలేదు.

కోటేశ్వరరావు గారు కాయ తీసుకుని, తొడిమ ఊడిన ముచ్చిక దగ్గర బొటనవేలితో నొక్కారు. వేలు కొంచెం లోపలికి దిగింది. కాయని తిప్పి, కెమెరా చూసిన వైపు ఉన్న సన్నటి నల్ల చారని చాలాసేపు చూశారు.

"ఇప్పుడొచ్చాడు కొనేవాడు," అన్నారు.

పెట్టె మూత వేసేశారు. రెండో కాయ పెట్టలేదు. యంత్రాన్ని షాపుకి ఎప్పుడు తీసుకురమ్మంటారని మేడమ్ అడిగితే, షాపుకెందుకమ్మా, ఇక్కడే ఉండనివ్వండి, పిల్లలు నేర్చుకుంటారు అన్నారు. వెళ్తూ వెళ్తూ హెచ్‌ఓడీ గారితో ఆ గది దీనికే ఉంచేయండి, తాళం కూడా గట్టిది వేయించండి అని చెప్పారు.

అలా గది దక్కింది. మేడమ్‌కి సీ భాష తప్పింది. తర్వాతి ఏడాది నా కాంట్రాక్టు పొడిగించలేదు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ ఉద్యోగంలో నేర్చుకున్నది రెండు ముక్కలు. డేటా అడిగే ముందు, అది ఎవరి తోట గురించో చూసుకోవాలి. పని చేయని యంత్రానికి ఎవరూ గది ఇవ్వరు, మరీ బాగా పని చేసేదాన్ని ఎవరూ గది దాటనివ్వరు. ఆ ఆరు బోర్డులూ ఇంకా అక్కడే ఉన్నాయి. తాళం గట్టిదే వేశారు.